బ్లాసమ్ కొత్త సర్వర్‌కి మార్చాను: మామగారి డైరీ అంతా ఒకే తేదీ పడింది, అక్షరాలూ పోయాయి

రేపల్లె లెక్కల టీచర్ · శుక్రవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఒక షరతు ముందే పెడుతున్నా. కమాండ్లు, ఫైలు పేర్లు కూడా తెలుగులో పలికినట్టే రాయండి. ఇంగ్లీషులో ఇస్తే అర్థం చేసుకోకుండా కాపీ కొట్టి అతికించేస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ పని చేసిన పిల్లలకి సున్నాలు వేశాను. రిటైరయ్యాక నేనే ఆ పని చేస్తే వాళ్ల మొహం ఎలా చూడను?

మా మామగారు రేపల్లె దగ్గర వరి పండించేవారు. 1974 నుంచి 1998 దాకా, రోజూ అని కాదు, వాన పడినప్పుడు, కాలవకి నీళ్లు వదిలినప్పుడు, పురుగు పట్టినప్పుడు, నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకునేవారు. పదకొండు పుస్తకాలయ్యాయి. ఆయన పోయాక వాటిని చెదల నుంచి కాపాడటం కంటే టైపు చేయడమే తేలిక అనిపించింది. మొత్తం 612 రాతలు, ఒక్కోటీ ఒక్కో టెక్స్ట్ ఫైలు. 2009లో మా మేనల్లుడు వాటికోసం బ్లాసమ్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చాడు. తెలియనివాళ్లకి చెబుతున్నా: మొత్తం సాఫ్ట్‌వేర్ పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, డ్యాష్‌బోర్డు లేదు. ఫోల్డర్లో టెక్స్ట్ ఫైలు పడేస్తే మొదటి వరుస శీర్షిక అవుతుంది, మిగతాది విషయం అవుతుంది. లోపలి ఫోల్డర్ పేరే వర్గం పేరు. నాకు అంతకంటే ఏం కావాలి?

పాత హోస్టింగ్ వాళ్లు ముప్ఫై రోజుల గడువిచ్చి దుకాణం మూసేశారు. మేనల్లుడు బెంగళూరులో ఉద్యోగం, ఫోన్ చేస్తే "అత్తా, అది మ్యూజియం సరుకు, వదిలెయ్" అన్నాడు. వదల్లేదు. ఎఫ్‌టీపీలో ఆ 612 టెక్స్ట్ ఫైళ్లూ, పెర్ల్ ఫైలూ దించుకున్నాను. నెలకింత అని ఒక చిన్న సర్వర్ అద్దెకి తీసుకున్నాను. 1 జీబీ మెమరీ, డెబియన్ 12 లైనక్స్, అపాచీ వెబ్ సర్వర్.

మొదటి రోజంతా 404, అంటే పేజీ దొరకలేదని. పేజీ అడిగినప్పుడు సర్వర్ ప్రోగ్రాము నడపాలంటే సీజీఐ మాడ్యూల్ ఆన్ చేయాలని తెలిసి చేశాక 500, అంటే సర్వర్ లోపలి తప్పని. అపాచీ ఎర్రర్ లాగ్ తెరిస్తే సీజీఐ డాట్ పీఎం అనే పెర్ల్ లైబ్రరీ దొరకడం లేదని రాసి ఉంది. 'లిబ్‌సీజీఐ-పీఎం-పెర్ల్' అనే ప్యాకేజీ వేశాను, పేజీ లేచింది. ఇంతవరకూ నా సొంత తెలివే, దీనికి మార్కులు వేసుకోండి.

ఇక మిగిలిన గొడవలు:

అక్షరాలు తెలుగులో లేవు. ఏ మీద వాలుగీత, పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేవో పిచ్చి గుర్తులు. పేజీ నిండా ఉష్ణోగ్రతలు రాసినట్టుంది.

612 రాతలకీ ఒకే తేదీ, అదీ నేను ఫైళ్లు దించుకున్న మంగళవారం. 1977 ఉప్పెనా, 1990 మే తుఫానూ, 1983లో దోమపోటుకి మందు కొట్టడమూ అన్నీ మొన్న మంగళవారమే జరిగాయట.

ఎలాగూ కొత్తగా పెడుతున్నాను కదా అని ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాను: వాన, కాలవ, పురుగు, ధర. ఏ వర్గం నొక్కినా పైన శీర్షిక, కింద అడుగు, మధ్యలో ఖాళీ.

పేజీ రూపం కూడా మారిపోయింది. పాతది మేనల్లుడు పసుపు రంగులో చేశాడు. ఇప్పుడు తెల్ల కాగితం. అది పెద్ద విషయం కాదు, తేదీలే ముఖ్యం. ఆ తేదీలు లేకపోతే ఆ డైరీకి అర్థం లేదు.

---

పెర్ల్ పాతకాపు · శుక్రవారం అర్ధరాత్రి

టీచర్ గారూ, నమస్కారం. ఈ పేరు విని ఎన్నేళ్లయిందో! నేనూ ఒకప్పుడు దీనిమీదే నాలుగేళ్లు రాశాను. రాయెల్ డోర్న్‌ఫెస్ట్ రాసిన ఆ ఫైలు మొదటి పేజీ ఇప్పటికీ దాదాపు నోటికి వస్తుంది.

సీజీఐ డాట్ పీఎం మీకు దొరక్కపోవడంలో మీ తప్పేం లేదు. ఒకప్పుడు పెర్ల్‌తోనే వచ్చేది. 2015లో వచ్చిన పెర్ల్ 5.22 నుంచి దాన్ని బయట పెట్టేశారు, విడిగా వేసుకోవాలి. బ్లాసమ్ అంతకుముందు కాలం మనిషి కాబట్టి అది ఇంట్లోనే ఉంటుందనుకుంటుంది.

అక్షరాల సంగతి. మీరు టెక్స్ట్ ఫైళ్లూ, పెర్ల్ ఫైలూ మాత్రమే దించుకున్నానన్నారు. అక్కడే ఉంది అసలు కథ. ఆ డేటా ఫోల్డర్లోనే హెడ్, స్టోరీ, డేట్, ఫుట్, కంటెంట్-టైప్ అని అయిదు చిన్న ఫైళ్లు డాట్ హెచ్‌టీఎంఎల్ తోకతో ఉండి ఉంటాయి. వీటినే ఫ్లేవర్ ఫైళ్లు అనేవాళ్లం. మీ పసుపు రంగు ఉన్నది వాటిలోనే. అవి రాకపోతే బ్లాసమ్ తన కడుపులో ఉన్న బోసి రూపం చూపిస్తుంది. రంగు పోతే పోయింది, దాంతోపాటు కంటెంట్-టైప్ కూడా పోయింది. అది లేనప్పుడు సీజీఐ డాట్ పీఎం తనంతట తాను "ఇది ఐఎస్ఓ 8859-1" అని బ్రౌజర్‌కి చెప్పేస్తుంది. అంటే ఒక బైటుకి ఒక అక్షరం లెక్క. మన తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఈ0 (బైటు విలువని అంకెలూ అక్షరాలూ కలిపి రాసే కంప్యూటర్ పద్ధతి), అది వాళ్ల లెక్కలో వాలుగీత ఉన్న ఏ. రెండోది ఎక్కువగా బీ0, అది డిగ్రీ గుర్తు. మీ పేజీలో ఏ పక్కన వరసగా రెండు డిగ్రీలు ఎక్కడ కనిపిస్తే అక్కడ 'ర' ఉందని అర్థం, ఎందుకంటే 'ర' అంటే ఈ0, బీ0, బీ0. ఒకసారి చూసి చెప్పండి, సరదాగా ఉంటుంది.

మందు: డేటా ఫోల్డర్లో 'కంటెంట్ అండర్‌స్కోర్ టైప్ డాట్ హెచ్‌టీఎంఎల్' అని ఒక ఫైలు తయారు చేయండి. అందులో ఒకే వరుస: టెక్స్ట్ స్లాష్ హెచ్‌టీఎంఎల్, సెమీకోలన్, ఖాళీ, చార్‌సెట్ ఈక్వల్స్ యూటీఎఫ్ హైఫన్ 8. అంతే. హెడ్ ఫైల్లో మెటా ట్యాగ్ పెడితే చాలదా అంటారేమో, చాలదు. సర్వర్ ఒక మాట, పేజీ ఒక మాట చెబితే బ్రౌజర్ సర్వర్ మాటే వింటుంది.

తెలుగు ఫోల్డర్లు. ఇది నన్నూ ఒకసారి ఏడిపించింది. నా దగ్గరున్న 2.0 ఫైల్లో, అడ్రసులో వచ్చిన ముక్క ఏ నుంచి జెడ్ లోపు అక్షరంతో మొదలైతేనే అది వర్గం. కాకపోతే అది సంవత్సరం అనుకుంటుంది, ఎందుకంటే 1977 స్లాష్ 11 అని కొడితే ఆ నెలవి చూపించాలి కదా. మీరు 'వాన' అని అడిగితే 'వాన' అనే సంవత్సరంలో రాసినవి వెతుకుతుంది పాపం. పెర్ల్‌కి 'వాన' అంకెల్లో సున్నా. సున్నా సంవత్సరంలో మీ మామగారు ఏమీ రాయలేదు. ఆ షరతు మార్చి రాయొచ్చు కానీ, నా సలహా ఫోల్డర్లకి మళ్లీ ఇంగ్లీషు అక్షరాల పేర్లే పెట్టండి. తెలుగు పేరు పెడితే అడ్రసు ఎవరికైనా పంపినప్పుడు ఒక్కో అక్షరం తొమ్మిది గుర్తులై, శాతాలతో రైలంత పొడుగవుతుంది. తెలుగులో కనిపించాల్సినవి పేజీలో కనిపిస్తే చాలు.

చివరిది, అసలుది. తేదీ. బ్లాసమ్‌కి తేదీ ఎక్కడ ఉంటుందో తెలుసా? ఎక్కడా ఉండదు. ఫైలు చివరిసారి మారిన సమయం చూసి అదే తేదీ అంటుంది. మేనల్లుడు 2009లో కూర్చుని ఒక్కో ఫైలుకీ 'టచ్' కమాండ్‌తో 1977, 1983 అని తేదీలు గుద్ది ఉంటాడు. మీరు ఎఫ్‌టీపీలో దించినప్పుడు ఆ ముద్రలన్నీ చెరిగిపోయాయి. చాలా ఎఫ్‌టీపీ ప్రోగ్రాముల్లో 'టైమ్‌స్టాంప్ కాపాడు' అని ఒక టిక్ ఉంటుంది, మనం పెడితేనే కాపాడుతుంది. పాత సర్వర్ ఇంకా బతికుందా? ఉంటే వెంటనే టార్ కట్టి తెచ్చుకోండి. టార్ తేదీలతో సహా మూటగడుతుంది. జిప్ మాత్రం వద్దు, జిప్ పాత పద్ధతిలో రాసుకునే తేదీ 1980 జనవరి 1 కంటే వెనక్కి పోలేదు. మీ ఉప్పెన దానికి పుట్టకముందు సంగతి.

సర్వర్ పోయి ఉంటే, ఒక్క ఆశ. డైరీలో ప్రతి రాత మొదట్లో తేదీ రాసి ఉందా?

---

హ్యూగోరాయుడు · శనివారం ఉదయం

ఇదంతా ఎందుకండీ. హ్యూగో అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌కి మారండి. ప్రతి ఫైలు నెత్తిమీద తేదీ రాసి ఉంటుంది, ఫైలు ఎన్నిసార్లు కాపీ చేసినా తేదీ దాంతోనే వస్తుంది. ఇంట్లో కమాండ్ కొడితే మొత్తం హెచ్‌టీఎంఎల్ అయిపోతుంది, సర్వర్లో పెర్ల్ అక్కర్లేదు, సీజీఐ అక్కర్లేదు, 500 రాదు. ఫైలు మారిన సమయాన్ని తేదీగా నమ్ముకున్న సాఫ్ట్‌వేర్ మీద ఇరవై నాలుగేళ్ల డైరీ పెట్టడం ఇసుక మీద గోడ కట్టినట్టే.

---

రేపల్లె లెక్కల టీచర్ · శనివారం మధ్యాహ్నం

పాతకాపు గారూ, అక్షరాలు వచ్చేశాయి. ఒక్క వరుస ఫైలు. మార్చేముందు మీరు చెప్పినట్టు 'ర' వెతికాను, దొరికింది. 'మురుగు' అనే మాటలో రెండు డిగ్రీలు. నా తరగతిలో ఈ లెక్క చెప్పి ఉంటే పిల్లలు ఎగిరి గంతేసేవాళ్లు. ఫోల్డర్లు మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను, అవీ తెరుచుకున్నాయి. వరుసల మధ్య ఎడం తక్కువై వత్తులు కింది వరుస నెత్తిన ఎక్కుతున్నాయి, అది నేనే చూసుకుంటాను.

హ్యూగోరాయుడు గారూ, మీరన్న లోపం నిజమే, ఒప్పుకుంటాను. కానీ 612 ఫైళ్లు కొత్త పద్ధతిలోకి మార్చాలన్నా ముందు తేదీలు దొరకాలి కదా? దొరికాక నాకు మారాల్సిన అవసరం ఏముంది? ఇదెక్కడి బేరం అండీ.

పాత సర్వర్ పోయింది. నిన్న ప్రయత్నించాను, లోపలికి రానివ్వడం లేదు.

కానీ తేదీ ఉంది! మామగారు ప్రతి రాతకీ మొదటి వరుసలో తేదీ, వారం రాసేవారు. నేను యథాతథంగా టైపు చేశాను. చిక్కేమిటంటే ఆయన తెలుగు అంకెలు రాసేవారు. ఆ వరుస ఇలా ఉంటుంది: ౧౯-౧౧-౧౯౭౭ శనివారం. ఆయన చదువుకున్న రోజుల్లో బళ్లో అలాగే నేర్పారట. నేను మార్చలేదు, మార్చే హక్కు నాకు లేదనుకున్నాను.

'టచ్' అనేది ఈ అంకెలు తినదు. మొదటి వరుస తీసి, తెలుగు అంకెల్ని మామూలు అంకెలు చేసి ఇద్దామని, టెక్స్ట్ మార్చే 'సెడ్' కమాండ్ మాన్యువల్ చదివాను. అందులో వై అనే ఆజ్ఞ ఉంది, ఒక వరుస అక్షరాల్ని ఇంకో వరుసతో ఒకదానికొకటి మారుస్తుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా తెలుగు అంకెలు పది, ఇటు మామూలు అంకెలు పది. సర్వర్ మీద కొట్టాను. ఏమందో తెలుసా? రెండు వరుసల పొడవులు సమానంగా లేవంది. పదికి పది సమానం కాదట! ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నాకెవరూ ఈ మాట చెప్పలేదు.

---

ఓరుగల్లు లైనక్స్ · శనివారం సాయంత్రం

మేడం, నమస్తే. నవ్వాపుకోలేక పోయిన, ఏమనుకోకుండ్రి. సెడ్ చెప్పింది కూడా కరెక్టే. మీ సర్వర్ల లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగు, సెట్ చేసి లేదు, ఉత్త 'సి' లొకేల్ల ఉంటది. చిన్న సర్వర్లు అద్దెకిచ్చేటోళ్లు చానా మంది గట్లనే ఇస్తరు. ఆ లొకేల్ల సెడ్‌కి అక్షరాలు తెల్వయి, బైట్లే తెలుసు. పది తెలుగు అంకెలు దానికి ముప్ఫై బైట్లు. ఇటు పది అంకెలు పది బైట్లు. ముప్ఫై, పది సమానం కావు గద! కమాండ్‌కి ముందల 'ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్స్ సి డాట్ యూటీఎఫ్ హైఫన్ 8' అని పెట్టుండ్రి. డెబియన్ల ఈ లొకేల్ ముందే ఉంటది, కొత్తగ ఏం వెయ్యక్కర్లే.

గానీ నన్నడిగితే ఈ పని సర్వర్ మీద చెయ్యనే వద్దు. అసలు ఫైళ్లు మీ ఇంట్ల మెషీన్ల ఉంచుండ్రి, తేదీలు అక్కడ్నే గుద్దుండ్రి. సర్వర్‌కి ఫైళ్లు పంపే కమాండ్ 'ఆర్‌సింక్ మైనస్ ఏ' తోని పంపుండ్రి, తేదీలు గట్లనే పోతయి. రేపు ఈ హోస్టింగోడు కూడా మూస్తడు, అప్పుడు మల్ల ఏడుస్తరా?

ఇంకో మాట, తేదీ మీరు రోజు-నెల-సంవత్సరం లెక్క రాసిండ్రు. టచ్ మైనస్ డి కి ఇచ్చేటప్పుడు తిప్పి సంవత్సరం-నెల-రోజు చేసి ఇవ్వుండ్రి. ఎక్కడన్న నడుమ హైఫన్ కాకుండ స్లాష్ ఉంటే మస్తు డేంజర్. స్లాష్ చూస్తే అది అమెరికా లెక్క తీసుకుంటది, నెల ముందల, రోజు ఎన్క. 19/11 అంటే పంతొమ్మిదో నెల లేదని ఎర్రర్ ఇస్తది, మంచిదే. 5/6 అంటే మాత్రం కిక్కురుమనకుండ మే 6 చేసి పెడతది. పన్నెండు లోపల ఉన్న తేదీలే మోసం చేస్తయి.

---

పెర్ల్ పాతకాపు · శనివారం రాత్రి

ఓరుగల్లు తమ్ముడు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. టీచర్ గారూ, రేపు ఎప్పుడైనా ఒక రాతలో అచ్చుతప్పు దిద్దారనుకోండి. ఫైలు సేవ్ చేయగానే దాని సమయం మారిపోతుంది, 1977 రాత ఎగిరొచ్చి మొదటి పేజీ నెత్తిన కూర్చుంటుంది. దీనికోసం ఎంట్రీస్ ఇండెక్స్ అని ఒక ప్లగిన్ ఉండేది, మొదటిసారి చూసిన తేదీని ఒక ఫైల్లో రాసి పెట్టుకునేది. మీకు అదీ అక్కర్లేదు. మీ తేదీ ఫైలు మొదటి వరుసలోనే ఉంది కాబట్టి, దిద్దిన ప్రతిసారీ ఆ స్క్రిప్టు మళ్లీ నడిపి, తర్వాత ఆర్‌సింక్ చేయండి. మీ మామగారి చేతిరాతే మీ డేటాబేస్.

హ్యూగోరాయుడూ, మీ మాట కొట్టిపారేయడం లేదు. బ్లాసమ్‌లో కూడా మొత్తం ఒకేసారి హెచ్‌టీఎంఎల్‌గా దించే పద్ధతి ఉంది. కాన్ఫిగరేషన్ భాగంలో స్టాటిక్ డిర్, స్టాటిక్ పాస్‌వర్డ్ అని రెండు వరుసలు నింపి, ఆ పాస్‌వర్డ్ ఇచ్చి పెర్ల్ ఫైలుని కమాండ్ లైన్ మీద నడిపితే చాలు. అప్పుడు సర్వర్లో సీజీఐ ఉన్నా లేకున్నా ఒకటే. 612 ఫైళ్లకి మాత్రం అవసరం లేదు. ప్రతిసారీ ఫోల్డర్ మొత్తం తిరిగొస్తుంది నిజమే, ఆ మాత్రం తిరుగుడు దానికి వాకింగ్ లెక్క.

---

రేపల్లె లెక్కల టీచర్ · ఆదివారం మధ్యాహ్నం

పొద్దున్నే టిఫిను కూడా మానుకుని కూర్చున్నాను. ఇంట్లో మేనల్లుడు ఉబుంటు వేసిచ్చిన లాప్‌టాప్ ఉంది, దానిమీద చేశాను. అక్కడ పదికి పది సమానమే. లొకేల్ సరిగ్గా ఉందన్నమాట.

స్క్రిప్టు రాశాను. ప్రతి ఫైలు మొదటి వరుస తీస్తుంది, అంకెలు మారుస్తుంది, తిప్పుతుంది, టచ్ చేస్తుంది. అయినవి ఎన్ని, కానివి ఎన్ని అని చివర లెక్క చెప్పమన్నాను, అది పాత అలవాటు. 571 పాసు, 41 ఫెయిలు.

ఆ 41లో ముందు తెరిచినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. అంకెలు సరే, హైఫన్లు సరే. కంటికి ఏ తేడా లేదు. గంటన్నర చూశాను. చివరికి ఒక పోలిక తట్టింది. అవన్నీ మా ఇంట్లో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉన్నప్పుడు నోట్‌ప్యాడ్‌లో టైపు చేసినవి. బైట్లు చూపించే కమాండ్ పెట్టి చూస్తే ప్రతి ఫైలు మొదట్లో కనిపించని మూడు బైట్లు: ఈఎఫ్, బీబీ, బీఎఫ్. నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ముందు ఆ మూడింటినీ పెట్టేదట. నా స్క్రిప్టు వరుస మొదట్లో అంకె కోసం చూస్తుంది, అక్కడ అంకెకు ముందు ఇవి నక్కి ఉన్నాయి. అవి తీసేయించి మళ్లీ నడిపాను. తీసేయడం ముందు, టచ్ తర్వాత. తిరగేస్తే టచ్ చేసిందంతా వృథా. 27 పాసయ్యాయి. ఇంకా 14 మిగిలాయి.

ఆ 14 స్క్రిప్టు తప్పు కాదు. వాటికి మామగారు తేదీ వేయలేదు, తిథి వేశారు. "పింగళ, కార్తీక శుద్ధ..." ఇలా. పింగళ అంటే 1977-78. పాత పంచాంగాలు అటక మీద ఉన్నాయి, అవి దించి చేత్తోనే చూసుకోవాలి. దానికి ఏ కమాండూ వద్దు, నా దగ్గర తీరిక బోలెడుంది.

స్లాష్‌లు వెతికాను. నాలుగు చోట్ల ఉన్నాయి, అన్నీ నేను టైపు చేసేటప్పుడు పెట్టినవే, ఆయన పెట్టినవి కావు. అందులో ఒకటి 5/6/1981. ఓరుగల్లు బాబూ, నువ్వు చెప్పకపోతే ఆ ఏడు నారుమడి నెల ముందే పోసేసేవాళ్లం. సంతోషం నాయనా.

అన్నీ అయ్యాయనుకుని ఆర్‌సింక్ చేసి పేజీ తెరిచాను. తేదీలు వచ్చాయి. గుండె నిండింది. కిందకి జరుపుకుంటూ పోయి 1977 దగ్గర ఆగాను. ఉప్పెన రాత మీద తేదీ 18 నవంబరు, శుక్రవారం అని ఉంది. కిందనే మామగారి మొదటి వరుస, ౧౯-౧౧-౧౯౭౭ శనివారం. శుక్రవారం కింద శనివారం. పక్కవి కూడా చూశాను. ప్రతిదీ ఒకరోజు వెనక ఉంది. లాప్‌టాప్‌లో ఫైలు తేదీ చూస్తే 19 అనే ఉంది. సర్వర్‌లో చూస్తే 18. ఒకే ఫైలు! ఇప్పుడు ఎవరు అబద్ధం ఆడుతున్నట్టు?

---

పెర్ల్ పాతకాపు · ఆదివారం మధ్యాహ్నం

ఎవరూ ఆడటం లేదు టీచర్ గారూ. మీ లాప్‌టాప్ రేపల్లె టైములో ఉంది, సర్వర్ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. టచ్‌కి తేదీ మాత్రం ఇచ్చి టైము ఇవ్వకపోతే అర్ధరాత్రి సున్నా గంటలు వేస్తుంది. మన అర్ధరాత్రి సున్నా గంటలంటే యూటీసీలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. సర్వర్ టైమ్‌జోన్ ఏషియా స్లాష్ కోల్‌కతా చేస్తే సరిపోతుంది, కానీ ఇంకో హోస్టింగ్‌కి వెళ్లినప్పుడు మళ్లీ ఇదే తంతు. అందుకని టచ్‌లో తేదీ పక్కన మధ్యాహ్నం పన్నెండు గంటలు వేయండి. మన పన్నెండు యూటీసీలో ఆరున్నర పొద్దున. యూటీసీలో ఉన్న ఏ సర్వర్ మీద పెట్టినా, అటు జపాన్ టైములో పెట్టినా రోజు మారదు, అమెరికా పడమటి తీరం టైములో ఉన్న సర్వర్ మీద మాత్రం ముందురోజు రాత్రి అవుతుంది.

---

ఓరుగల్లు లైనక్స్ · ఆదివారం మధ్యాహ్నం

పాతకాపు గారు కరెక్ట్. ఆర్‌సింక్ మల్ల కొట్టుండ్రి మేడం, ఫైల్ల లోపలిది మారలే, తేదీలే మారినయి కాబట్టి నిమిషంల అయిపోతది.

---

రేపల్లె లెక్కల టీచర్ · ఆదివారం రాత్రి

పన్నెండు గంటలు వేశాను. అయిపోయింది. 19 నవంబరు, శనివారం. కింద ఆయనదీ శనివారమే.

స్క్రిప్టులో ఇప్పుడు ఒక వరుస ఎక్కువ పెట్టాను. తేదీ నుంచి వారం లెక్కగట్టి, ఆయన రాసిన వారంతో పోల్చమన్నాను. తేడా ఉంటే చెప్పమన్నాను. మూడు చోట్ల తేడా చూపించింది. రెండు నా టైపు తప్పులు. ఒకటి ఆయనదే, 1986లో బుధవారం నాడు గురువారం అని రాశారు. దాన్ని దిద్దలేదు.

ఫ్లేవర్ ఫైళ్లు కొత్తగా రాసుకున్నాను, పసుపు పోయి లేత ఆకుపచ్చ వచ్చింది. వరుసల ఎడం 1.7 చేశాక వత్తులు ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. తేదీ ఫైల్లో నెల ఇంగ్లీషులో రాకుండా నెల అంకె వేయమన్నాను. సర్వర్ నుంచి టార్ ఒకటి, లాప్‌టాప్ నుంచి ఒకటి, మేనల్లుడికి ఒకటి పంపాను. "మ్యూజియంకి మూడు కొమ్మలు తెరిచావా అత్తా" అన్నాడు.

హ్యూగోరాయుడు గారూ, ఫైళ్లు అడిగితే మీకూ పంపుతాను, మీ పద్ధతిలో చేసి చూపించండి. తేదీ పక్కన మధ్యాహ్నం పన్నెండు మాత్రం మరిచిపోకండి.

పాతకాపు గారు అడిగారని కాదు గానీ, ఆ ఉప్పెన రోజు రాత ఇదిగో. ఆ రోజు ఆయన రాసింది రెండే వరుసలు. "సాయంత్రం నుంచి ఈదురుగాలి. గడ్డివాము లేచిపోయింది. దీపం నిలవడం లేదు, రేపు రాస్తా." తర్వాతి రాత డిసెంబరు రెండు.